పదకొండు మందులకు లొంగని మనిషి

ఆ శనివారం అమ్మాజీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా భర్తను వెంటబెట్టుకుని మేడ్చల్ బస్టాండు వెనకాల ఉన్న లాబుకు వెళ్ళాలి. కల్చర్ రిపోర్టు తీసుకోవాలి. అది పట్టుకుని నాలుగడుగులు వేసి కమలాబాయి డాక్టరమ్మ నర్సింగ్ హోములో చూపించాలి. ఆవిడ రాసిన మందు కొనుక్కుని, దోవలో రెండు కట్టల గోంగూర తీసుకుని, పదకొండింటికి నీళ్ళ ట్యాంకరు వచ్చేలోగా ఇంట్లో ఉండాలి. అంతే.

భర్త పేరు జానకిరామయ్య. టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు తంతులు అందుకుని రిటైరైన మనిషి. రెండు నెలల కిందట ఆయన కుడికాలి బొటనవేలి గోరు కండలోకి పెరిగితే, సిటీలో ఒక పెద్దాసుపత్రిలో తీయించుకున్నాడు. షుగరుందని నాలుగు రోజులు అక్కడే ఉంచారు. గోరు పోయింది, పుండు మిగిలింది. ఆ తర్వాత ముగ్గురు డాక్టర్లు రకరకాల మాత్రలు రాశారు. ఆయన ప్రతి మందునూ రెండు రోజులు వేసుకుని, నొప్పి తగ్గగానే ఆపేసి, మిగిలినవి బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తాయని ఆయన ముందుచూపు.

బుధవారం కమలాబాయి ఆ పుండులోంచి దూదిపుల్లతో చీము తీసి కల్చర్ పరీక్షకు లాబుకు పంపింది. "ఇంక ఊహించి మందు రాయను. ఏ మందు పనిచేస్తుందో లాబువాళ్ళు తేల్చాలి. ఆలస్యం చేస్తే వేలు తీసెయ్యాల్సి వస్తుంది. వేలుతో ఆగకపోవచ్చు కూడా," అని ఆమె చెప్పినప్పటినుంచి అమ్మాజీకి అన్నం సయించడం లేదు.

వేలు పోతుందన్న భయం ఒకటైతే, ఆసుపత్రి భయం దాన్ని మించింది. మగవాళ్ళ వార్డులో ఆడవాళ్ళను ఉండనివ్వరు. గంట కొట్టగానే బయటికి పొమ్మంటారు. అలా గంట కొట్టాక బయటికి వచ్చిన రాత్రులే ఆమె తండ్రినీ, పెద్దన్ననూ పోగొట్టుకుంది. మర్నాడు వెళ్ళేసరికి మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. గోరు తీసిన ఆ నాలుగు రోజులూ వార్డు గుమ్మంలో వెనక్కి తిరిగి తిరిగి చూసి, మెడ పట్టేసి ఇంటికొచ్చింది.

లాబు యజమాని సత్యానందం ఆ పొద్దున లేడు. శామీర్‌పేట వైపు ఎవరికో రక్తం తీయడానికి వెళ్ళాడు. రిపోర్టులు రాసేది ఆయన, పంచేది ఆయన భార్య వజ్రమ్మ. కవరు అందిస్తూ ఆమె ముఖం దించుకుంది.

"రెసిస్టెన్స్ మస్తున్నదంట అమ్మా. పన్నెండు మందులు పెట్టి సూస్తే పదకొండింటికి రెసిస్టెన్సే వచ్చిందంట. డాక్టరమ్మకు జల్దీ సూపియ్యుమని మా ఆయన మరీ మరీ జెప్పి పోయిండు."

జానకిరామయ్య ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "పదకొండింటికా?"

"అవ్ సార్. ఇంత రెసిస్టెన్స్ మేడ్చల్ల ఇప్పటిదాక సూడలేదన్నడు."

ఆ మాట అమ్మాజీకి కొత్త కాదు. బడి గుమ్మం ఎక్కకపోయినా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్న మనిషి ఆమె. మందుల అట్టల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టుకుంది. వారపత్రికల్లో డాక్టరు సలహాల పేజీ ఒక్క ముక్క వదలదు. రెసిస్టెన్స్ అంటే రోగాన్ని తట్టుకునే శక్తి. కాలనీలో ఏ పిల్లకు జలుబు చేసినా, "దీనికి రెసిస్టెన్స్ పవర్ తక్కువండీ," అని తల్లులు వాపోవడం రోజూ వింటున్నదే.

"మంచి మాటే కదా. అలా దిగులుగా చెబుతారేం వజ్రమ్మగారూ?" అని అడిగింది. వజ్రమ్మ నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. ఆమె అటు తిరిగి ఎవరి మూత్రం రిపోర్టో అంకెలు చదవడం మొదలుపెట్టింది.

నర్సింగ్ హోముకు వెళితే డాక్టరమ్మ గదికి తాళం. చుట్టాల పెళ్ళికి నిజామాబాద్ వెళ్ళిందనీ, సోమవారం గానీ రాదనీ ఆయా చెప్పింది. చేసేది లేక ఆటో ఎక్కారు. జానకిరామయ్య కవరు విప్పి, పైనున్న వరసలన్నీ దాటేసి, మందుల పట్టిక దగ్గరికి దిగాడు.

"చూశావా. పెన్సిలిన్, ఆర్. ఎరిత్రోమైసిన్, ఆర్. కింద అర్థం కూడా ఇచ్చాడు, ఆర్ అంటే రెసిస్టెంట్ అని. ఒక్క అక్షరంలో మొత్తం కబురు పెట్టాడు. ఈ సత్యానందం టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉండాల్సిన మనిషి."

"చివర్న ఎస్ అని ఉందేమిటండీ?"

"సెన్సిటివ్. అంటే సున్నితం. ఆ ఒక్కటీ నా వంటికి పడదన్నమాట. వాంకోమైసిన్. పేరు గుర్తుపెట్టుకో. పొరపాటున కూడా ఎవరూ నాకు అది ఎక్కించకూడదు."

"ఇంత శక్తి ఉంటే పుండెందుకు మానలేదు?"

"శక్తి ఉందని ఇవాళే కదా తెలిసింది. ఇక మానుతుంది."

ఆ జవాబులో ఎక్కడో చిల్లు ఉందని అమ్మాజీకి తోచింది. కానీ ఆసుపత్రి అక్కర్లేదని చెబుతున్న కాగితం అది. తనకు కావలసిన మాటే చెప్పే కాగితాన్ని ఎవరైనా రెండోసారి ఎందుకు చదువుతారు? గోంగూర సంగతి కూడా మర్చిపోయి ఆమె ఆటోలో చేతులు జోడించి కూర్చుంది.

ఇంట్లో అంట్లు తోముతున్న పెంటమ్మ ఈ వార్త విని గిన్నె పక్కన పెట్టింది. "పదకొండు మందులు గూడ సార్‌ను ఏం జెయ్యలేవా అమ్మా?"

"చెయ్యలేవుట."

"గట్టి పానం. మా ఇంటాయనకు ఒక్క గోలీకే కండ్లు తిరుగుతయి."

పెంటమ్మ ఆ కాలనీలో ఐదిళ్ళలో పనిచేసి గౌడవెల్లికి నడిచి వెళుతుంది. మూడో ఇంటికి చేరేసరికి పదకొండు మందులు పదకొండు రోగాలయ్యాయి. గౌడవెల్లి చేరేసరికి సారుకు తేలు కుట్టినా విషం ఎక్కదని తేలిపోయింది.

సాయంత్రం ఫణిభూషణ్ వచ్చాడు. బ్యాంకులో పనిచేస్తూ కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్న మనిషి. మర్నాడు పదింటికి సంఘం వార్షిక సమావేశం. ముఖ్య అతిథిగా రావలసిన పెద్దమనిషి జ్వరమొచ్చిందని కబురు పెట్టాడు.

"జ్వరం వచ్చే మనిషికి మనం శాలువా కప్పడమేమిటి బాబాయిగారూ?" అన్నాడు ఫణిభూషణ్, రిపోర్టును రెండు చేతులా పట్టుకుని. "అరవై ఏడేళ్ళ వయసులో పదకొండు. ఇంతటి మనిషి మన మూడో లైన్లో ఉండగా బయటివాళ్ళెందుకు? రేపు సన్మానం మీకే."

"నాదేముందయ్యా. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు," అని జానకిరామయ్య వినయంగా ఒప్పుకున్నాడు.

ఆదివారం, సగం కట్టిన కమ్యూనిటీ హాలు ముందు షామియానా వేశారు. ఫణిభూషణ్ మైకు పట్టుకుని రిపోర్టు చదవడం మొదలుపెట్టాడు. "పెన్సిలిన్. రెసిస్టెంట్." చప్పట్లు. "ఆంపిసిలిన్. రెసిస్టెంట్." ఇంకా గట్టిగా చప్పట్లు. ఏడో మందు దగ్గర వెనక వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. పదకొండోది అయ్యాక ఆయన గొంతు తగ్గించాడు. "ఇక వాంకోమైసిన్. సెన్సిటివ్." షామియానా కింద అయ్యో అన్న మూలుగు పాకింది.

"ఆ మందును మన కాలనీ పొలిమేర దాటనివ్వకూడదని తీర్మానం ప్రవేశపెడుతున్నాను," అన్నాడు ఫణిభూషణ్. అందరూ చేతులెత్తారు. మినిట్స్ పుస్తకంలో రాశారు. తర్వాత కరచాలనాలు మొదలయ్యాయి. అంత శక్తిలో కాస్తయినా అంటుకుంటుందని తల్లులు పసిపిల్లల చేతులు తెచ్చి జానకిరామయ్య చేతిలో పెట్టారు. ఆయన మధ్యమధ్య వంగి కాలి కట్టు సర్దుకుని, అదే చేత్తో తర్వాతివారిని దీవించాడు.

అప్పుడొచ్చాడు సత్యానందం. చర్చి నుంచి లాబు మీదుగా వచ్చినట్టున్నాడు. తెల్లబట్టలు, చంకలో బైబిలు, కింద మోపెడ్. వెనకాల నడుచుకుంటూ తొమ్మిదిమంది.

"ఏంది సార్ గిది?" అన్నాడు ఆయాసంతో ఫణిభూషణ్‌తో. "పొద్దుగాల్నించి వీళ్ళు లాబు ముందట నిలవడ్డరు. ఒక్కనికీ పుండు లేదు. రెసిస్టెన్స్ సూడుమంటరు. గా నీలం అంగీ ఆయన సార్ కన్న ఒకటి ఎక్కువ రాయుమంటాండు. ముందుగాల సార్‌ను ఎవ్వరు ముట్టకుండ్రి. ముట్టుకున్నోళ్ళు సబ్బుతోని చేతులు కడుక్కోండ్రి."

ఫణిభూషణ్ మైకులో ఆ మాటను సభకు అందించాడు. "విన్నారు కదా. బాబాయిగారిని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాలట."

అందరూ భక్తిగా కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో చేతులు కడుక్కుని, మళ్ళీ వరసలో నిలబడ్డారు.

సత్యానందం ఇక లాభం లేదని మైకు లాక్కున్నాడు. "రెసిస్టెన్స్ సార్‌ది గాదు, పురుగు..." అనేసరికి కరెంటు పోయింది. మిగతా మాట వేదిక కింద నిలబడ్డ అమ్మాజీకి ఒక్కదానికే వినిపించింది.

"పురుగేమిటి సత్యానందంగారూ?"

"మాటలతోని గాదమ్మా. మీరొక్కసారి లాబుకు రాండ్రి. కండ్లతోని సూడుండ్రి."

అమ్మాజీ భర్త వైపు చూసింది. ఆయనకు శాలువా మీద శాలువా కప్పుతున్నారు. "ఇప్పుడే వస్తానండీ," అంది. ఆయనకు వినపడలేదు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆయన్ని ఒకచోట వదిలి తనంతట తాను ఇంకోచోటికి వెళ్ళడం ఆమెకు అదే మొదలు. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, మోపెడ్ వెనక సీటును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని లాబు చేరింది.

సత్యానందం చేతులకు తొడుగులు వేసుకుని, వెచ్చగా ఉన్న ఒక పెట్టెలోంచి మూతలున్న రెండు గాజు పళ్ళేలు తీసి కిటికీ దగ్గర పెట్టాడు. లోపల జున్నులాంటి పదార్థం. దాని మీద మీగడ కట్టినట్టు లేతపసుపు పొర. ఒక్కో పళ్ళెంలో బొట్టుబిళ్ళలంత కాగితపు బిళ్ళలు ఆరేసి, ఒక్కోదాని మీద పొట్టి అక్షరాలు.

"ఈ పొర ఏమిటి?"

"గదే పురుగమ్మా. సార్ పుండులకెల్లి తీసి పెంచిన. బిళ్ళకొక మందు. మందుకు పురుగు సస్తదా లేదా అని రెండు దినాలు సూడాలె."

అమ్మాజీ ముఖం దగ్గరగా పెట్టి చూసింది. పదకొండు బిళ్ళల అంచుదాకా, కొన్నిటిమీదికి కూడా ఆ మీగడ పాకేసి ఉంది. పన్నెండో బిళ్ళ చుట్టూ మాత్రం రూపాయి కాసంత మేర శుభ్రంగా, అద్దంలా ఉంది. 

"చీమల సుద్ద గీసినట్టుంది," అంది అమ్మాజీ. "గీత దగ్గర చీమ ఆగిపోతుందే, అలా ఈ బిళ్ళ దగ్గర ఆగిపోయింది. మిగతా పదకొండింటినీ లెక్కచెయ్యకుండా తొక్కుకుంటూ పోయింది."

సత్యానందం తొడుగులు తీయబోయి ఆగాడు. "ఇరవై ఏండ్లసంది చెప్తున్న గని, ఇంత సక్కగ నాకే రాలేదమ్మా."

"అంటే శక్తి ఈయనది కాదు."

"పురుగుది."

"ఆ సున్నితం?"

"గదీ పురుగుదే. గీ ఒక్క మందుకే సస్తది. ఇది ఇండ్లల్ల పుట్టిన పురుగు గాదు. ఆసుపత్రిల సదువుకొని వచ్చింది, ఆడ సూడని మందు లేదు. ఇగ మీ ఇంట్ల ఏమన్న మందులు సగం సగం వాడిండ్రా?"

అమ్మాజీకి బిస్కెట్ల డబ్బా కళ్ళముందు తిరిగింది. పై చదువు తమ ఇంట్లోనే చెప్పించారన్నమాట.

"డాక్టరమ్మకు ఫోన్ జేసిన. పెండ్లి ఇడిసిపెట్టి బయలెల్లింది, మూడింటికల్ల వస్తది. ఇయ్యాల మందు మొదలువెడితే వేలు దక్కుతది. ఇంకా ఆగితే నేను జెప్పలేను."

"చేరాలా?"

"పద్నాలుగు దినాలు. నరంల మెల్లగ ఎక్కియ్యాలె."

 అమ్మాజీకి ఆసుపత్రి గంట చెవిలో మోగింది. వార్డు గుమ్మం కనబడింది. అయినా చెంగు దోపుకుని, "పదండి," అంది.

ఇల్లు చేరేసరికి జానకిరామయ్య అరుగు మీద పడక్కుర్చీలో శాలువాలతో ఉన్నాడు. చుట్టూ సంఘం సభ్యులు. వాంకోమైసిన్ పేరు వినగానే ఆయన కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"నాకు పడని మందు ఆ ఒక్కటే అని రాతపూర్వకంగా ఉంటే, ఏరికోరి అదే ఎక్కిస్తారా?"

"కుదరదు పిన్నిగారూ," అన్నాడు ఫణిభూషణ్ గేటుకు అడ్డంగా నిలబడి. "తీర్మానం అయిపోయింది. ప్రాణం పోయినా ఆ మందును రానివ్వం."

"ఎవరి ప్రాణం నాయనా?" అంది అమ్మాజీ.

తీర్మానంలో ఎవరి ప్రాణమని రాశారో ఫణిభూషణ్ సభ్యులను అడగసాగాడు. ఆ సందులో ఆమె భర్తను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసి, రిపోర్టు చేతిలో పెట్టింది.

"మీరు దీన్ని ఎక్కణ్ణుంచి చదివారు?"

"మందుల పేర్ల దగ్గర్నుంచి."

"పైన ఎవరి పేరుందో చూడండి."

జానకిరామయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "నా పేరే ఉంది."

"అది ఎవరి పుండో చెప్పడానికి. దాని కింద?"

"స్టెఫిలోకోకస్." కాగితం కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. "అదేదో పురుగు పేరులా ఉంది."

"ఈ తంతి దానిదండీ. అది ఎన్ని మందులకు లొంగదో, ఏ మందుకు చస్తుందో దాని గురించి వచ్చిన కబురు. మీరు ఇంకొకరి తంతి విప్పి, మీదే అనుకుని, కాలనీ అంతా చదివి వినిపించారు."

టెలిగ్రాఫ్ ఆఫీసులో దాన్ని మించిన తప్పు లేదు. ఒకరి చావు కబురు ఇంకొకరింట్లో ఇస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన చేతిమీదుగా అలా జరగలేదు. కాగితాన్ని పైనుంచి కిందికి, ఒక్క వరస కూడా వదలకుండా చదివాడు. తర్వాత శాలువాలు రెండూ తీసి నాలుగు మడతలు పెట్టాడు.

"ఇవి కూడా దానికి కప్పినవేనన్నమాట," అన్నాడు.

"ముందు బయల్దేరండి."

"బయట అంతమంది ఉన్నారే. ఏమని చెప్పను?"

"నేను చెబుతాను," అని అమ్మాజీ అరుగు మీదికి వచ్చింది. అంతమంది మగవాళ్ళ ముందు ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు.  "మీ బాబాయిగారికి ఉన్న ఆ ఒక్క లోపం కూడా సరిచేయించుకోడానికి ఆసుపత్రికి వెళుతున్నారు. పన్నెండోదానికి."

ఫణిభూషణ్ కళ్ళు చెమర్చాయి. తీర్మానాన్ని అక్కడికక్కడే సవరించారు. ఆటోను తనే పిలుచుకొచ్చాడు. మూడో లైను జనమంతా చప్పట్లు కొడుతుండగా జానకిరామయ్య ఎవరి ముఖమూ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు.

కమలాబాయి పెళ్ళి పట్టుచీరలోనే వచ్చేసింది. కట్టు విప్పి చూసి, "వేలు ఉంటుంది. ఇవాళ వచ్చారు కాబట్టి ఉంటుంది," అంది. ఆయన్ని వరండా చివర గదిలోకి పంపించి, ఇంకెవరూ ఆ గదిలో అడుగు పెట్టకూడదని నర్సులకు చెప్పింది. అమ్మాజీ మరచెంబూ దుప్పటీ గుమ్మం దగ్గర దించి, ఆయన వైపు ఒకసారి చూసి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగింది.

"మీరెక్కడికి?" అంది డాక్టరమ్మ. "రెండు నెలలుగా ఆ కట్టు మార్చింది మీరే కదా. ఆ పురుగు మీ చేతుల మీద కూడా ఉండి ఉంటుంది. మిమ్మల్ని బయట తిరగనివ్వను, ఇంకొకరిని ఆయనకు తోడు పెట్టను. ఈ పద్నాలుగు రోజులూ మీరూ లోపలే."

ఇంత మంచి మాట ఏ ఆసుపత్రిలోనూ ఆమెతో ఎవరూ అనలేదు. పొమ్మనకుండా ఉంచేసిన ఆ పురుగు మీద ఒక్క క్షణం కృతజ్ఞత కూడా కలిగింది. ఐదో రోజుకు ఆయన చెప్పే టెలిగ్రాఫ్ ఆఫీసు కబుర్లు రెండో విడత మొదలయ్యాయి. అయినా ఆమె ఊఁ కొడుతూనే ఉంది. సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగే మందును చూస్తూ, వేలికి కొత్త చర్మం రావడం రోజూ కొలుచుకుంది.

పద్నాలుగోనాటికి వేలు వేలులాగే ఉంది. మళ్ళీ చేసిన కల్చర్ రిపోర్టు సత్యానందం స్వయంగా తెచ్చాడు. రెండు రోజులు చూసినా పళ్ళెంలో ఏమీ పెరగలేదట. ఇంటికి తీసుకెళ్ళడానికి ఫణిభూషణ్ పూలదండతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈసారి ఎన్నిటికి బాబాయిగారూ?"

"ఒక్కదానికీ లేదయ్యా," అన్నాడు జానకిరామయ్య. "అసలేమీ లేదు."

ఫణిభూషణ్ దండ మెల్లగా దించి, అమ్మాజీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బాధపడకండి పిన్నిగారూ. ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు పడేస్తే ఎంతటి మనిషికైనా ఉన్న బలం పోతుంది."